మేకపాలు తాగిన ఫిల్లీ

"అబ్బ, ఎంత ముద్దుగా ఉందో ఈ గుర్రప్పిల్ల!" అంటూ అతను చెయ్యి చాపాడు.

మరుక్షణమే ఆ ముద్దుల పిల్ల అతని చొక్కా చేతిని పళ్ళతో పట్టుకుని మోచేతి దాకా చింపేసింది.

"చెయ్యి ఉందా, పోయిందా?" అంది వెనక నుంచి ఓ ఆడగొంతు. అందులో జాలి మచ్చుకైనా లేదు.

తిరిగి చూశాడు. మోకాళ్ళ దాకా బూట్లు, భుజం మీద తాడు, జుట్టులో ఒక గడ్డిపోచ. ఆ పోచ సంగతి ఆమెకి తెలీదు. తెలిసినా తీసుకునే రకంలా కనపడలేదు.

"మీ పిల్ల కరిచిందండీ!"

"పిల్లా? మా తాతయ్య తర్వాత ఈ గుర్రాలశాలలో పెద్దదిక్కు అదే. దానికి మునిమనవలు కూడా ఉన్నారు."

"మరి ఇంతే ఉందేంటి?"

"పోనీ గుర్రం అంటే ఎదిగినా ఇంతే ఉంటుంది. పొట్టిగా ఉన్నవాళ్ళంతా చిన్నపిల్లలేనా? మా లెక్కల టీచరు నా భుజం దాకా కూడా రాదు, ఆవిణ్ణి ఎత్తుకుని ముద్దుచేశామా?"

ఆ పోనీని శాలలో అందరూ 'అత్తగారు' అంటారని తర్వాత తెలిసింది. ఆ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే చొక్కా దక్కేది.

"ఇంతకీ మీరెవరు? లోపలికి ఎవరు రానిచ్చారు?"

"మేకపాలు కావాలన్నారటగా." అతను చేతిలోని డబ్బా పైకెత్తి చూపించాడు.

అంతే, ఆమె మొహం మారిపోయింది. డబ్బా అందుకోకుండా డబ్బా పట్టుకున్న మనిషి మణికట్టే అందుకుని పరుగు తీసింది. "నిలబడి చూస్తారేం, రండి!"

చివరి కొట్టంలో గడ్డి మీద గోధుమరంగు గుర్రప్పిల్ల పడి ఉంది. కాళ్ళు తప్ప ఒళ్ళు లేనట్టుంది. తల్లి దానికి నాలుగు గుక్కలు జున్నుపాలు తాగించి కన్నుమూసింది. పొడిపాలు కలిపి పోస్తే ఉమ్మేస్తోంది. మేకపాలు పట్టి చూడమని డాక్టరు చెప్పాడు. ఆ చుట్టుపక్కల మేకల డైరీ ఉన్నది ఇతనికొక్కడికే.

"దీని తల్లికి మొదటిసారి జీను వేసింది నేను," అంది ఆమె, సీసాకి పాలపీక బిగిస్తూ. "దీన్ని పోనివ్వను."

పిల్ల పీకని నోట్లోంచి తోసేసింది. ఆమె మళ్ళీ పెట్టింది, అది మళ్ళీ తోసేసింది.

"ఒక్కసారి ఇలా ఇవ్వండి," అన్నాడు అతను. మేకపిల్లలతో పొద్దస్తమానం అతనికి ఇదే పని. వేలు పాలలో ముంచి దాని అంగిట్లో మెల్లగా రాశాడు. అది చీకడం మొదలుపెట్టాక వేలు పక్కనే పీక దూర్చాడు. కాసేపటికి వేలు తీసేశాడు. గుటక వినిపించింది. ఇంకో గుటక. ఆ తర్వాత సీసా ఖాళీ అయ్యేదాకా అది ఆగలేదు.

గుర్రాలమ్మాయి అతన్ని మొదటిసారి సరిగ్గా చూసింది. మేకలబ్బాయి పని ఆ చూపుతోనే అయిపోయింది. చినిగిన చొక్కా సంగతి ఇంటికెళ్ళి వాళ్ళమ్మ అడిగేదాకా గుర్తురాలేదు.

* * *

శాల పెద్దాయన, అంటే గుర్రాలమ్మాయి తాతయ్య, ఒకప్పుడు పేరుమోసిన జాకీ. ఇప్పుడు వాకిట్లో బల్ల మీద కూర్చుని అందరి మీదా స్వారీ చేస్తుంటాడు.

"ఏమోయ్ మేకలబ్బాయీ, దీన్నేమంటారో తెలుసా?"

"గుర్రప్పిల్ల అంటారండీ."

"మీ ఇంట్లో అందర్నీ 'మనిషీ' అనే పిలుస్తావా? అమ్మ, అక్క, బాబాయి అని వేరేవేరే లేవూ? మాకూ అంతే. తల్లి పొదుగు దగ్గరుంటే ఫోల్. ఏడాది నిండితే ఇయర్లింగ్. ఒళ్ళు తెలీకుండా గంతులేసే మగపిల్ల కోల్ట్, ఆడపిల్ల ఫిల్లీ. పెద్దరికం వచ్చాక అది స్టాలియన్, ఇది మేర్. మన దానికి పొదుగూ లేదు, తల్లీ లేదు. అందుకని ఇప్పట్నుంచే ఫిల్లీ అంటున్నాం."

"మరి అక్కడ బుద్ధిగా నిలబడిందే, అది?"

"గెల్డింగ్."

"అంటే?"

పెద్దాయన దగ్గాడు. మనవరాలు తలెత్తకుండానే జవాబు చెప్పింది. "పెళ్ళి ఆలోచనలు రాకుండా ఆపరేషన్ చేయించిన మగగుర్రం. అందుకే చెప్పిన మాట వింటుంది."

మేకలబ్బాయి గుటక మింగాడు. "ఆపరేషన్ లేకుండానే మాట వినేవాళ్ళూ ఉంటారండీ."

పెద్దాయన పగలబడి నవ్వాడు. మనవరాలు నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండటానికి గడ్డిమోపు ఎత్తుకుని అవతలికి పోవాల్సి వచ్చింది.

"దీని పేరేంటండీ?" అని ఇంకో రోజు అడిగాడు ఆమెని.

"పేరు లేదు. జీను మోసిన రోజే పేరు. మా శాల పద్ధతి అంతే."

"మా మేకపిల్లలకి పుట్టగానే పెట్టేస్తాం."

"అందుకే అవి మేకలయ్యాయి." గోడకి ఒక బకెట్టు తగిలించి దాన్ని చూపించింది. "రేపట్నుంచి సీసా బంద్. ఇందులో పాలు పొయ్యండి, వెనక్కి తిరగండి, వెళ్ళిపోండి. ముద్దులూ మురిపాలూ పెట్టుకోకండి."

"తల్లిలేని పిల్ల కదండీ!"

"అందుకే వద్దనేది. తల్లి ఉంటే ఎవరితో ఎలా ఉండాలో అదే నేర్పేది. మనం ఒళ్ళో పెట్టుకుంటే తనూ మనిషినే అనుకుంటుంది. ఇప్పుడంటే చిన్నది. పెద్దదై మన మీద కాళ్ళేసి ఆడుకోబోతే మనకి ఎముకలు మిగలవు. అది గుర్రాల మధ్య గుర్రంలా పెరగాలి. అర్థమైందా?"

"అయిందండీ," అన్నాడు. నిజంగా అయిందనే అనుకున్నాడు.

* * *

వానలు మొదలయ్యాయి. పాలు పోసి వెళ్ళిపోవాల్సినవాడు వాన వంకతో రేకుల చూరు కింద ఆగిపోయేవాడు. రేకుల మీద చినుకులు ఒకటే గోల. ఆమె ఏదో అంటుంది, ఇతనికి వినపడదు. "ఆఁ?" అంటూ ఓ అడుగు దగ్గరకి జరుగుతాడు. మళ్ళీ అంటుంది, మళ్ళీ "ఆఁ?" అంటాడు.

"చెవుడా మీకు?"

"వానండీ."

"వాన వెలిసి చాలాసేపయింది."

చూశాడు. నిజమే, చూరు నుంచి నీళ్ళు మాత్రమే కారుతున్నాయి. ఆమె పెదవి చివర కొరుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజంతా అతను మేకలతో కూడా నవ్వుతూనే మాట్లాడాడు.

అంతా బాగానే ఉంది. ఒక్క తప్పు మాత్రం చేస్తున్నాడు.

బకెట్లో పాలు పోసి వెనక్కి తిరిగితే, ఫిల్లీ వెనకే వచ్చి మూతితో వీపు పొడిచేది. పుట్టినప్పటి నుంచి మేకపిల్లల మధ్య బతికినవాడు, పొడిస్తే తిరగకుండా ఎలా ఉంటాడు? తిరిగి, చెవి వెనక గోకేవాడు. మేకపిల్లలు యజమాని మోకాళ్ళ మీద ముందుకాళ్ళు పెట్టి నిలబడటం డైరీలో రోజూ జరిగేదే. అలా నిలబడితే బుగ్గ గిల్లి దించుతారు. ఫిల్లీ కూడా ఓ రోజు ముందుకాళ్ళు లేపి అతని ఛాతీ మీద పెట్టింది. నవ్వి, బుగ్గ గిల్లి దించాడు. అది దానికి భలే నచ్చింది. రోజూ ఓ ఆటయింది. ఎవరూ చూడలేదు.

ఒక పొద్దున్న పెద్దాయన చేతికర్ర ఊపుకుంటూ కొట్టంలోకి వచ్చాడు. ఫిల్లీ సంతోషంగా సకిలించి, పరుగున వచ్చి, రెండు కాళ్ళూ లేపి ఆయన భుజాల మీద వేసింది.

పెద్దాయన వెల్లకిలా పడ్డాడు. తల గోడకి తగల్లేదు కాబట్టి సరిపోయింది. మణికట్టు మాత్రం బెణికి కట్టు పడింది.

"దీనికి మనిషంటే భయం లేదు, భక్తీ లేదు," అన్నాడు, బల్ల మీద కూర్చుని కట్టు చూసుకుంటూ. గొంతులో కోపం కంటే విచారమే ఎక్కువుంది. "ఇలాంటి దానికి జీను వెయ్యలేం. ఆ రిసార్టు ఆయన లాన్‌లో కట్టేసుకుంటానని అడుగుతున్నాడు, వచ్చినవాళ్ళు ఫొటోలు దిగుతారట. వానలు తగ్గగానే పంపించేస్తాను."

"తాతయ్యా!"

"దీన్ని చూసి నాకూ కడుపు తరుక్కుపోతోందమ్మా. కానీ ఇవాళ నేను పడ్డాను. రేపు నువ్వు పడితే?"

గుర్రాలమ్మాయి విసురుగా మేకలబ్బాయి వైపు తిరిగింది. "దీనికి కాళ్ళు వెయ్యడం ఎవరు నేర్పారు?"

అబద్ధం చెప్పొచ్చు. ఎవరూ చూడలేదు కదా.

"నేనే," అన్నాడు.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కళ్ళనిండా నీళ్ళు నింపుకుని అలా చూస్తూ ఉండిపోయింది. "రేపట్నుంచి డబ్బా గేటు దగ్గర పెట్టి వెళ్ళిపోండి," అంది చివరికి.

"వెళ్తాను. కానీ చెడగొట్టింది నేను కాబట్టి బాగుచేసేదాకా ఊరుకోను."

"ఎలా చేస్తారు? మేర్ల దగ్గర వదిలాను, ఒక్కటీ రానివ్వలేదు. కాళ్ళతో తన్నాయి. గుర్రాలకి అది గుర్రంలా అనిపించడం లేదు."

"మా డైరీలో తలబిరుసు పిల్లల్ని ముసలి మేకతో కలిపి కట్టేస్తాం. నాలుగు కుమ్ములు కుమ్మి అదే దారికి తెస్తుంది." చేత్తో పోనీ వైపు చూపించాడు. "అత్తగారితో కలపండి."

"పోనీతోనా? అది ఎవర్నీ దగ్గరికి రానివ్వదు!"

"నన్నూ రానివ్వలేదు కదా. అడక్కుండా మీద చెయ్యి వెయ్యకూడదని ఒక్క కాటుతో నేర్పింది. ఇప్పుడు ఫిల్లీకి కావాల్సింది ఆ చదువేగా?"

ఆమె తాడు భుజాన వేసుకుంది.

మేకలబ్బాయి కంచె బయట నిలబడ్డాడు. కంచె లోపల అత్తగారు గడ్డి తింటోంది. ఫిల్లీ ఎగురుకుంటూ వెళ్ళి, అలవాటు ప్రకారం, కాళ్ళు లేపింది. పోనీ చెవులు వెనక్కి పెట్టి మెడ మీద ఒక్క కాటు వేసింది. ఫిల్లీ కీచుమంది. తేరుకుని మళ్ళీ లేపింది. ఈసారి రెండు వెనకకాళ్ళూ ఆడాయి. తగిలింది గాలికే, కానీ చెప్పాల్సింది చెప్పాయి.

అతనికి ప్రాణం ఉసూరుమంది. కంచె దూకి వెళ్దామని కాలు లేచింది. "కదిలారంటే నేను కరుస్తాను," అంది ఆమె, అటువైపు నుంచి.

ఫిల్లీ కాస్త దూరంగా నిలబడింది. తల కిందకి వంచి, మెడ చాపి, నోరు తెరుస్తూ మూస్తూ గాలి నములుతున్నట్టు పళ్ళు టకటకలాడించింది.

"చూశారా!" ఆమె కంచె మీదకి వంగింది. "పసిగుర్రాలు పెద్దవాటి ముందు అలాగే చేస్తాయి. 'నేను చిన్నదాన్ని, ఏమనకు' అని. దానికి ఎవరూ నేర్పలేదు. ఇన్నాళ్ళూ అది ఆ మాట చెప్పుకోవడానికి ఒక్క గుర్రమైనా లేదు."

పోనీ ఓసారి చూసి, మళ్ళీ గడ్డి మీద పడింది. ఫిల్లీ మెల్లగా పక్కకి చేరింది. ఈసారి కాటు పడలేదు.

* * *

ఆ తర్వాత మేకలబ్బాయి గేటు దాటలేదు. పొద్దున్నే డబ్బా పెట్టడం, ఖాళీ డబ్బా తీసుకుని వెనక్కి తిరగడం. లోపల్నుంచి సకిలింపు వినిపిస్తే కాళ్ళు ఆగిపోయేవి. అయినా తిరిగి చూసేవాడు కాదు.

సాయంత్రం ఆమె ఫోన్ చేసేది, పాల లెక్క చెప్పడానికి.

"రేపు కాస్త తగ్గించండి. ఇవాళ దాణా తింది."

"బాగా తిందా?"

"అత్తగారి ముందున్నదే లాక్కుని తింది. తిట్లు కూడా తింది."

పాలు తగ్గుతున్న కొద్దీ ఫోన్లు పొడుగయ్యాయి. ఫిల్లీ ఏం తింది అన్నది అయిపోయాక మీరేం తిన్నారు అన్నది వచ్చేది. అతని మేకలు ఆమెకి పేరుపేరునా తెలిసిపోయాయి.

"గుర్రాలకి పాలు పోసి వచ్చేవాడికి పొద్దున్నే తల దువ్వుకోవడమెందుకురా?" అంది వాళ్ళమ్మ ఒకరోజు, పాలు పిండుతూ. "గేటు దగ్గర ఆ అమ్మాయి కూడా ఉండదంటివి."

"ఉంటే?"

"ఉంటే సరే. ఆ గుర్రప్పిల్ల పాలు మానేశాక ఏం వంకతో వెళ్తావు?"

అతను డబ్బా మూత బిగించాడు. ఆ సంగతి అతనికి తెలీక కాదు. అది ఎంత తొందరగా పాలు మానితే అంత తొందరగా గుర్రాల్లో కలుస్తుంది, అంత తొందరగా తనతో పని తీరిపోతుంది. "మానెయ్యాలమ్మా," అన్నాడు. "మాన్పించే తీరాలి. లేకపోతే ఆ అమ్మాయికి ఫిల్లీ దక్కదు."

తల్లి ఇంకో మేక దగ్గరకి జరిగింది. కొడుకు పట్టు పడితే వదలడని ఆవిడకి తెలుసు.

వానలు తగ్గాయి. ఒక ఉదయం అతను గేటు దగ్గరకి వచ్చేసరికి రిసార్టు వ్యాను ఆగి ఉంది. గేటు తీసే ఉంది, పెద్దాయన ఎదురొచ్చాడు.

"రావోయ్. ఇవాళ నువ్వు లోపలికి రావాలి. ఆ డబ్బా చేత్తో పట్టుకుని మైదానం మధ్యలో నిలబడు. ఫిల్లీని వదులుతాం. నీ మీద కాళ్ళు వేసిందా, వ్యాను ఎక్కుతుంది. లేదంటే వ్యాను ఖాళీగా పోతుంది."

"ఇది అన్యాయం తాతయ్యా!" గుర్రాలమ్మాయి ఒంటికాలి మీద లేచింది. "వేరే ఎవర్నైనా నిలబెట్టు. అతనంటే దానికి ప్రాణం."

"అందుకే అతన్ని నిలబెడుతున్నాను. ముక్కూమొహం తెలీనివాడి మీద దూకకపోతే ఏం గొప్ప?"

మేకలబ్బాయి ఆమె వైపు చూశాడు. పిడికిళ్ళు బిగించి నిలబడింది. వెళ్ళి మైదానం మధ్యలో నిలబడ్డాడు.

ఫిల్లీ ఎంత ఎదిగిపోయిందో! ఎండలో ఒళ్ళు నిగనిగలాడుతోంది. అతన్ని చూసింది, చెవులు నిక్కబొడుచుకుంది, సకిలించింది, ఒక్క ఉదుటున వచ్చేసింది. గిట్టల చప్పుడు నేల మీంచి అతని కాళ్ళలోకి పాకింది. అంత దగ్గరకి వచ్చి, ఆగింది.

మెడ చాపి డబ్బా వాసన చూసింది. తర్వాత అతని చెయ్యి. ఆ చెయ్యి దాని చెవి వెనక్కి వెళ్ళడానికి తహతహలాడింది. ఒక్కసారి గోకితే చాలు, ఇన్నాళ్ళ బెంగ తీరుతుంది. గోకితే ఆ కాళ్ళు లేస్తాయని కూడా అతనికి తెలుసు. అరచెయ్యి తొడకి అదిమిపెట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

ఫిల్లీ కాసేపు ఎదురుచూసింది. ముక్కుతో గట్టిగా గాలి వదిలి, వెనక్కి తిరిగింది. పరుగెత్తుకుంటూ వెళ్ళి మేర్ల మధ్యలో, అత్తగారి పక్కన, తల దించి గడ్డి మేయడం మొదలుపెట్టింది. ఒక్క మేర్ కూడా కాలు విసరలేదు.

ఆమె ఏడుస్తూ తాతయ్యని వాటేసుకుంది. అతనికి ఎంత సంతోషం కలిగిందో అంత దుఃఖమూ కలిగింది.

"ఇక పాలు అక్కర్లేదోయ్," అన్నాడు పెద్దాయన, భుజం తడుతూ. "నీ మేలు మర్చిపోం."

అతను తలూపి, నిండు డబ్బాతోనే బయటికి నడిచాడు.

* * *

మర్నాడు పొద్దున్నే లేచి, ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకున్నాడు. డబ్బా తీసుకోలేదు. వంక లేకపోతే వంక లేకుండానే వెళ్తాను, చెప్పాల్సింది మొహం మీదే చెప్తాను, కాదంటే అప్పుడు చూసుకుందాం అనుకున్నాడు. చెప్పులు వేసుకుంటుండగా వాకిట్లో మేకలు ఒక్కసారిగా అరుస్తూ చెల్లాచెదురయ్యాయి.

గుర్రాలమ్మాయి ఓ ఎత్తైన మేర్ మీంచి కిందకి దూకింది.

"ఎక్కడికి బయల్దేరారు?"

"మీ దగ్గరికే."

"పాలు వద్దన్నాడుగా తాతయ్య."

"పాలు తేవడం లేదు. ఊరికే వస్తున్నాను. ఒక మాట చెప్పాలి."

"ముందు నేను చెప్తాను. దారంతా గుర్తుచేసుకుంటూ వచ్చాను, ఆగితే మర్చిపోతాను." కళ్ళెం వాకిలి గుంజకి కట్టి, ఎదురుగా వచ్చి నిలబడింది. మైదానంలో ఎలా నిలబడిందో అలాగే, పిడికిళ్ళు బిగించి. "నిన్న అది వెనక్కి తిరిగిపోయినప్పుడు నీ మొహం చూశాను. అది మా దగ్గరే ఉండాలని నువ్వు దాన్ని వదులుకున్నావు. నన్ను మాత్రం వదులుకోకు. నువ్వు రాని పొద్దున్న నాకొద్దు. నువ్వంటే నాకు ఇష్టం. అయిపోయింది. ఇక నువ్వు చెప్పు."

అతను వేసుకున్న ఒక్క చెప్పుతోనే ముందుకి అడుగేశాడు.

"చెప్పు!"

"నేను చెప్పాలనుకున్నవన్నీ నువ్వే చెప్పేశావు," అన్నాడు ఎలాగో. "నాకూ అంతే. మొదటి రోజు నుంచీ అంతే. కానీ మీ తాతయ్య ఒప్పుకుంటారా? మేకలవాణ్ణి."

"రాత్రి భోజనాల దగ్గరే చెప్పేశాను. ఒకవేళ ఒప్పుకోకపోతే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను, దాని అవసరమే రాలేదు."

"ఏమన్నారు?"

"'మీరంతా పొద్దున ఫిల్లీని చూశారు, నేను వాణ్ణి చూశాను' అన్నాడు. 'చెయ్యెత్తితే అది వాడిదైపోయేది, ఎత్తలేదు. నా మనవరాలిని ఇవ్వడానికి నాకు ఇంకేం తెలియాలి?' అన్నాడు."

అతని కళ్ళు చెమర్చాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఆమె కళ్ళల్లోకి చూస్తూ, నిన్న తొడకి అదిమిపెట్టుకున్న ఆ చెయ్యి ముందుకు చాపాడు. ఆమె రెండు చేతులతోనూ పట్టుకుంది.

"ఒరేయ్, అమ్మాయిని వాకిట్లోనే నిలబెడతావా?" లోపల్నుంచి వాళ్ళమ్మ కేకేసింది. "లోపలికి తీసుకురా, టీ పెడుతున్నాను."